హాంకాంగ్‌కు కుటుంబంతో వెళ్తుంటే పిల్లల స్కూల్ ఎలా ఎంచుకోవాలి?

హాంకాంగ్‌లో ఉద్యోగం ఖాయమవగానే వీసా, ఇల్లు, సామాన్ల గురించి తెగ ఆరా తీస్తాం. పిల్లల చదువు సంగతి మాత్రం "వెళ్లాక చూద్దాంలే" అని పక్కన పెట్టేస్తాం. నా మాట వింటే ముందు తేల్చుకోవాల్సింది అదే. అక్కడ ఏ స్కూల్ దొరుకుతుందన్నది చాలావరకు ఇంటి అడ్రస్‌ను బట్టి ఉంటుంది. ఫీజు ఎంతవుతుందో తెలిస్తేనే కంపెనీ ఇస్తానన్న జీతం సరిపోతుందో లేదో తెలుస్తుంది. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే ఈ లెక్క చూసుకుంటే కంపెనీతో మాట్లాడుకునే వీలుంటుంది.

మొదట: ఎన్నేళ్లు ఉంటారు, పిల్లల వయసెంత?

మిగతా నిర్ణయాలన్నీ ఈ రెండు ప్రశ్నల మీదే ఆధారపడతాయి. మూడు నాలుగేళ్ల పాపతో వెళ్లి, పదేళ్లు అక్కడే ఉందామనుకునే వాళ్లకు సర్కారు స్కూళ్లు మంచి దారి. ఎనిమిదో క్లాస్ పిల్లాడితో రెండేళ్ల ప్రాజెక్టు మీద వెళ్లే వాళ్లకు ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. రెండింటికీ కారణం ఒక్కటే, చైనీస్ భాష.

తల్లి లేదా తండ్రి ఉద్యోగ వీసా మీద ఉండి, పిల్లలు డిపెండెంట్ వీసా మీద వస్తే అక్కడ చదువుకోవచ్చు. ఆ పిల్లలకు ప్రభుత్వ స్కూళ్ల తలుపులు కూడా తెరిచే ఉంటాయి. ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఇంటర్నేషనల్ స్కూల్ తప్ప వేరే గతి లేదనుకుంటారు.

రెండోది: స్థానిక స్కూళ్లను దగ్గరగా చూడండి

హాంకాంగ్‌లో ప్రైమరీ ఆరేళ్లు, సెకండరీ ఆరేళ్లు. ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూళ్లలో ఈ పన్నెండేళ్లూ ఫీజు లేదు. క్లాసులు మనవాటితో సరిగ్గా సరిపోతాయి: ప్రైమరీ 6 మన ఆరో తరగతి, సెకండరీ 1 మన ఏడో తరగతి. చివర్లో డీఎస్ఈ అనే పరీక్ష ఉంటుంది. చైనీస్, ఇంగ్లిష్, గణితం, పౌరసత్వం-సామాజిక అభివృద్ధి అనే నాలుగూ అందరూ రాయాలి. వాటికి తోడు ఎంపిక చేసుకున్న సబ్జెక్టులు.

మామూలు ప్రైమరీ స్కూల్లో పాఠాలు కాంటనీస్‌లో, అంటే హాంకాంగ్ జనం మాట్లాడే చైనీస్‌లో నడుస్తాయి, రాత సంప్రదాయ చైనీస్ లిపిలో. డిక్టేషన్ అంటే అక్కడ పెద్ద విషయం. టీచర్ చదువుతూ ఉంటే పిల్లలు అక్షరాలు గుర్తు తెచ్చుకుని రాయాలి, ఒక్క గీత తప్పినా మార్కు పోతుంది. అందుకని ముందు రోజు రాత్రి ఇంట్లో కూర్చోబెట్టి రాయించాలి. హోంవర్క్ డైరీలో రాసేదీ, స్కూల్ నుంచి వచ్చే నోటీసూ చైనీస్‌లోనే ఉంటాయి. అమ్మానాన్నల్లో ఎవరికీ ఆ భాష రాకపోతే ట్యూషన్ తప్పదు. ఈ కష్టానికి సిద్ధపడితే ఫలితం కూడా పెద్దదే. చిన్నప్పుడే మొదలుపెట్టిన పిల్లలు ఆ ఊరి పిల్లల్లా మాట్లాడతారు, కింద పార్కులో వాళ్లతో కలిసి ఆడుకుంటారు.

చైనీస్ రాని పిల్లల కోసం ప్రభుత్వం కొన్ని ఏర్పాట్లు చేసింది. 2014-15 నుంచి చైనీస్‌ను రెండో భాషగా నేర్పే పాఠ్య ప్రణాళిక ఉంది. కొత్తగా వచ్చిన పిల్లలకు ఆరు నెలల పూర్తికాల ప్రారంభ కోర్సు ఒకటి, స్కూల్లో చేరాక 60 గంటల కోర్సు ఒకటి ఉంటాయి. ఆలస్యంగా చైనీస్ మొదలుపెట్టిన వాళ్లు డీఎస్ఈ చైనీస్‌కు బదులు జీసీఎస్ఈ అనే బ్రిటిష్ పరీక్షలో చైనీస్ రాస్తే, కొన్ని షరతుల మీద అక్కడి ప్రభుత్వ నిధుల యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి. దక్షిణాసియా పిల్లలు ఎక్కువగా చదివే స్కూళ్లూ ఉన్నాయి. సర్ ఎలిస్ కదూరీ, డీలియా మెమోరియల్ పేర్లు మనవాళ్ల నోట తరచూ వినిపిస్తాయి. వాటిలో ఇంగ్లిష్ వాడకం ఎక్కువ కాబట్టి కుదురుకోవడం తేలిక. కానీ చుట్టూ చైనీస్ మాట్లాడే పిల్లలు తక్కువైతే ఆ భాష రావడమూ ఆలస్యమవుతుంది. మీ పాప పదేళ్లు అక్కడే ఉండబోతుంటే ఇది చిన్న విషయం కాదు.

నా అంచనా చెప్పమంటే: కిండర్‌గార్టెన్ నుంచి చేర్పిస్తే స్థానిక స్కూల్ గురించి ధైర్యంగా ఆలోచించవచ్చు. ఏడెనిమిదేళ్లు దాటితే స్కూల్లో ఎలాంటి సాయం దొరుకుతుందో అడిగి తెలుసుకున్నాకే ముందుకు వెళ్లాలి. పదకొండు దాటిన వాళ్లకు ఇంగ్లిష్‌లో చెప్పే స్కూల్ వెతకడమే మంచిది.

మూడోది: ఇంగ్లిష్ దారి, దాని ఖర్చు

ఇంగ్లిష్‌లో చెప్పే స్కూళ్లు నడిపే ఇంగ్లిష్ స్కూల్స్ ఫౌండేషన్ 1967లో మొదలైంది. అందరూ ఈఎస్ఎఫ్ అంటారు. ఐబీ అనే అంతర్జాతీయ పద్ధతిలో చెబుతారు. ఇది కాక బ్రిటిష్, అమెరికన్, కెనడియన్, ఆస్ట్రేలియన్ సిలబస్‌లలో నడిచే ఇంటర్నేషనల్ స్కూళ్లు చాలా ఉన్నాయి. ఏడాది ఫీజు లక్ష హాంకాంగ్ డాలర్లు దాటడం మామూలే, పెద్ద క్లాసుల్లో రెండు లక్షలు దాటేవీ ఉన్నాయి. డాలర్‌కు పదకొండు రూపాయల లెక్కన వేసినా, ఒక్క పిల్లాడికి ఏడాదికి ఇరవై రెండు లక్షలు. ఇద్దరు పిల్లలుంటే ఎంతవుతుందో కాగితం మీద వేసి చూడండి.

ఫీజు ఒక్కటే చూసి ఆగిపోవద్దు. చాలా స్కూళ్లు క్యాపిటల్ లెవీ అని తిరిగి రాని మొత్తం ఒకటి వసూలు చేస్తాయి. కొన్ని డిబెంచర్, అంటే స్కూల్‌కు అప్పు ఇచ్చినట్టుండే బాండు, కొనమంటాయి. అందులో ఎంత వెనక్కి వస్తుంది, ఏటా ఎంత తరుగుతుంది అన్నది స్కూల్‌ను బట్టి మారుతుంది, రాతలో తీసుకోండి. బస్సు, యూనిఫాం, ట్యాబ్ వేరు. పిల్లల చదువుకు కంపెనీ ఇచ్చే డబ్బు మీద హాంకాంగ్‌లో జీతపు పన్ను పడుతుంది, కాబట్టి చేతికి మిగిలేది ఎంతో లెక్కగట్టుకుని అడగండి.

క్లాసుల లెక్కలోనూ జాగ్రత్త. ఈఎస్ఎఫ్‌లో, బ్రిటిష్ స్కూళ్లలో ఇయర్ 7 అంటే మన ఆరో తరగతి. ఫారంలో తప్పు క్లాస్ రాస్తే నెలలు వృథా అవుతాయి. ఇంకో సంగతి, ఈ స్కూళ్లలో నేర్పే చైనీస్ ఎక్కువగా చైనా అధికార భాష అయిన మాండరిన్. వీధిలో వినిపించేది కాంటనీస్.

ఈ రెండు దారుల మధ్య డీఎస్ఎస్ స్కూళ్లున్నాయి. 1991లో మొదలైన పథకం ఇది. ప్రభుత్వం కొంత ఇస్తుంది, స్కూల్ కొంత ఫీజు వసూలు చేస్తుంది, అడ్మిషన్లు సొంతంగా చూసుకుంటుంది. ఫీజు రాయితీకి కొంత నిధి పక్కన పెట్టాలన్న నిబంధన ఉంది, అడగడానికి మొహమాటపడకండి.

నాలుగోది: క్యాలెండర్ పట్టుకోండి

సెప్టెంబర్‌లో మొదలయ్యే ప్రైమరీ 1లో చేరడానికి పిల్లలకు అప్పటికి 5 ఏళ్ల 8 నెలలు ఉండాలి. దాని ప్రక్రియ మాత్రం ముందటి ఏడాది సెప్టెంబర్‌లోనే మొదలవుతుంది. మొదటి విడతలో తల్లిదండ్రులు తమకు నచ్చిన ఒక్క స్కూల్‌కు దరఖాస్తు పెడతారు, నవంబర్‌లో ఫలితం వస్తుంది. సీటు రాకపోతే కేంద్ర కేటాయింపు, దాని ఫలితం జూన్‌లో. ఈ కేటాయింపు కోసం నగరాన్ని 36 స్కూల్ నెట్‌లుగా విడగొట్టారు, మీ ఇల్లు ఏ నెట్‌లో ఉంటే సీట్లలో ఎక్కువ భాగం ఆ స్కూళ్లలోవే. ఈఎస్ఎఫ్ ప్రైమరీలకూ ఇంటి అడ్రస్ ప్రకారం ప్రాంతాలున్నాయి. అందుకే ఫ్లాట్ అద్దెకు తీసుకునే ముందు ఏజెంట్‌ను మెట్రో ఎంత దూరం అని అడిగినట్టే, ఇది ఏ స్కూల్ నెట్ అని కూడా అడగండి.

కిండర్‌గార్టెన్‌కు ప్రభుత్వ సబ్సిడీ పథకం 2017-18 నుంచి ఉంది. సగం పూట బడి చాలాచోట్ల ఉచితం. అందులో చేరాలంటే విద్యా శాఖ ఇచ్చే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కావాలి.

ఐదోది: కాగితాల్లో పేరు ఒకేలా ఉందా?

మన పిల్లలకు ఈ టెన్షన్ ప్రత్యేకం. బర్త్ సర్టిఫికెట్‌లో ఉత్త "సాయి చరణ్" అని ఉంటుంది, స్కూల్ రికార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా వచ్చి చేరుతుంది. చూసేవాళ్లకు ముగ్గురు పిల్లల్లా కనిపిస్తారు. బయల్దేరే ముందే మీసేవలోనో మున్సిపల్ ఆఫీసులోనో సరిచేయించండి. అక్కడికి వెళ్లాక ఈ పని పడితే బంధువులను ఆఫీసుల చుట్టూ తిప్పాల్సి వస్తుంది.

రెండేళ్ల ప్రోగ్రెస్ రిపోర్టులు, టీకాల కార్డు, టీసీ కూడా వెంట ఉంచుకోండి. టీసీ తిరిగొచ్చినప్పుడు పనికొస్తుంది. పదకొండేళ్లు నిండిన పిల్లలకు అక్కడ ఐడీ కార్డు తీసుకోవాలి, అంతకంటే చిన్నవాళ్లకు పాస్‌పోర్టు, వీసాయే ఆధారం.

ఆరోది: తిరిగి వచ్చే ఆలోచన ఉంటే

తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఎక్కడ చదివారన్నది మన రాష్ట్రాల్లో చాలా ముఖ్యం. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఎంబీబీఎస్, ఇంజినీరింగ్ సీట్లకు స్థానికతను ప్రధానంగా అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి నిర్ణయిస్తారు. ఆ నాలుగేళ్లలో పిల్లాడు హాంకాంగ్‌లో ఉంటే స్థానిక కోటా చేజారవచ్చు. డాక్టర్ చదివించాలన్న పట్టుదల ఉన్న ఇంట్లో ఈ ఒక్క నిబంధన చూసి ప్రయాణాన్నే వాయిదా వేసుకున్నా తప్పు లేదు. విదేశాల్లో చదివిన పిల్లలకు ఎన్ఐటీల్లో డాసా అనే దారి ఉంది. దానికీ జేఈఈ మెయిన్ ర్యాంకే ఆధారం.

ఐబీ తీసుకున్నవాళ్లు పదకొండో తరగతిలో సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడే నీట్‌కు కావాల్సిన ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. రెండేళ్లు అయ్యాక సరిదిద్దడం కుదరదు.

ఏడాది మధ్యలో దిగితే

చాలా కుటుంబాలు డిసెంబర్‌లోనో మార్చిలోనో వెళ్తాయి. అప్పుడు కేటాయింపు విడతల కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. ఇంటి దగ్గర స్కూళ్లకు నేరుగా ఫోన్ చేసి ఖాళీలున్నాయా అని అడగవచ్చు. దొరక్కపోతే విద్యా శాఖను సీటు చూపించమని అడిగే హక్కు మీకుంది. ఆరు నుంచి పదిహేనేళ్ల పిల్లలు బడిలో ఉండి తీరాలన్నది అక్కడి చట్టం, కాబట్టి ఆ శాఖ ఈ పనిని పట్టించుకుంటుంది. చైనీస్ రాని కుటుంబాల కోసం వాళ్ల వెబ్‌సైట్‌లో హిందీ సహా పలు భాషల్లో సమాచారం పెట్టారు. ప్రతి స్కూల్ వివరాలతో ఏటా వచ్చే స్కూల్ ప్రొఫైల్స్‌లో, చైనీస్ రాని పిల్లలకు ఎలాంటి సాయం చేస్తారో రాసి ఉంటుంది. ఫోన్ చేసే ముందు అది చదవండి. ఫోన్లో మాత్రం ఈ రెండూ అడగండి: ఇలాంటి పిల్లలు ఇప్పుడు మీ దగ్గర ఎంతమంది ఉన్నారు? చైనీస్ పీరియడ్‌లో వాళ్లను విడిగా కూర్చోబెట్టి చెబుతారా, అందరితో కలిపేనా?