సెట్ చేసింది 5, కనిపించింది 10: ఫంక్షన్ జనరేటర్ పేచీలు

"సార్, ఈ జనరేటర్ పోయింది" అని ల్యాబ్‌లో ఎవరైనా పిలిస్తే నేను స్క్రూ డ్రైవర్ పట్టుకెళ్లను. (ఇక్కడ జనరేటర్ అంటే సైన్, స్క్వేర్, ట్రయాంగిల్ ఆకారాల్లో పరీక్ష సిగ్నళ్లు పుట్టించే ఫంక్షన్ జనరేటర్.) ముందు కేబుల్, ప్రోబ్, ప్యానెల్ మీది బటన్లు చూస్తాను. చాలాసార్లు మూత విప్పే పనే పడదు. లోపలి ప్రీసెట్లను (స్క్రూ డ్రైవర్‌తో తిప్పి సరిచేసే చిన్న రెసిస్టర్లను) తోచినట్టు తిప్పేస్తే మాత్రం లేని జబ్బు కొత్తగా అంటుకుంటుంది. అందుకే బయటి లోపాలతో మొదలుపెడుతున్నాను.

5 వోల్టులు సెట్ చేస్తే సీఆర్‌ఓలో 10 వస్తోంది

అందరినీ ఎక్కువగా తికమకపెట్టేది ఇదే. సీఆర్‌ఓ అంటే సిగ్నల్ ఆకారాన్ని తెర మీద చూపే ఆసిలోస్కోప్. జనరేటర్ బాగానే ఉంది. దాని ఔట్‌పుట్‌కి లోపల 50 ఓమ్‌ల రెసిస్టెన్స్ సిరీస్‌లో ఉంటుంది. బయట కూడా 50 ఓమ్‌ల లోడే ఉంటుందన్న లెక్కతో చాలా డిజిటల్ జనరేటర్లు వోల్టేజ్ చూపిస్తాయి. అంటే లోపల 10 వోల్టులు పుట్టిస్తే సగం లోపలే పోయి, లోడ్‌కి 5 చేరాలి. కానీ సీఆర్‌ఓ ఇన్‌పుట్ 1 మెగా ఓమ్. అది తీసుకునే కరెంట్ లేనట్టే కాబట్టి లోపల ఏమీ తగ్గదు, మొత్తం 10 కనిపిస్తుంది.

మెనూలో లోడ్ సెట్టింగ్‌ని హై జెడ్‌కి (ఎక్కువ ఓమ్‌ల లోడ్‌కి) మార్చండి. లేదంటే సీఆర్‌ఓ దగ్గర టీ కనెక్టర్ పెట్టి 50 ఓమ్‌ల టెర్మినేటర్ తగిలించండి. రెండూ కలిపి చేశారో, ఈసారి సగమే వస్తోందని మళ్లీ నన్నే పిలుస్తారు.

8 ఓమ్‌ల స్పీకర్‌ని నేరుగా తగిలించినా ఇదే లెక్క. 58లో 8 వంతులే బయటికొస్తాయి, 10 వోల్టులు దాదాపు 1.4 అవుతాయి. మధ్యలో చిన్న ఆంప్లిఫయర్ పెట్టాల్సిందే.

తేడా సరిగ్గా రెట్టింపో సగమో అయితే లోడ్‌ని అనుమానించండి. పది రెట్లో పదో వంతో అయితే ప్రోబ్ మీది 10ఎక్స్ స్విచ్, జనరేటర్ మీది 20 డీబీ అటెన్యుయేటర్ బటన్ చూడండి, రెండూ సిగ్నల్‌ని పదో వంతు చేసేవే. ఈ బటన్ లోపలికి నొక్కుకుపోయి ఉందని గమనించక గంటసేపు కొట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని.

మల్టీమీటర్ 10 చూపించడం లేదు

చూపించదు. మీరు పెట్టింది పీక్ టు పీక్ (కింది కొన నుంచి పై కొన దాకా ఉన్న వోల్టేజ్), అది చూపేది ఆర్‌ఎంఎస్ (అంతే వేడి పుట్టించే డీసీకి సమానమైన విలువ). 10 వోల్టుల సైన్‌కి 3.54, ట్రయాంగిల్‌కి 2.89, స్క్వేర్‌కి 5 రావాలి. మామూలు మీటర్ సగటు కొలిచి సైన్ అనుకుని గుణిస్తుంది కాబట్టి స్క్వేర్‌కి 5.55 అంటుంది. పైగా చవక మీటర్లు కొన్ని వందల హెర్ట్జ్ దాటితే తక్కువ చూపడం మొదలుపెడతాయి. ఆంప్లిట్యూడ్ సరిచూడ్డానికి అలాంటి మీటర్ పనికిరాదు.

సర్క్యూట్‌కి తగిలించగానే సిగ్నల్ మాయం

జనరేటర్ నల్ల క్లిప్, సీఆర్‌ఓ నల్ల క్లిప్ వేర్వేరు చోట్ల పెట్టి ఉంటారు. మెయిన్స్‌తో నడిచే మామూలు ల్యాబ్ పరికరాల్లో ఆ రెండూ ఎర్త్ ద్వారా ఒకటే. మధ్యలో ఉన్న భాగం షార్ట్ అయిపోయింది. రెండింటినీ ఒకే గ్రౌండ్ పాయింట్‌కి మార్చండి.

ఫ్రీక్వెన్సీ డయల్‌తో కలవడం లేదు

ఇక్కడే నిజంగా మూత విప్పే పని పడొచ్చు. ముందు అరగంట ఆన్‌లో ఉంచండి. తర్వాత సీఆర్‌ఓ గడులు లెక్కపెట్టకుండా, నమ్మకమైన ఫ్రీక్వెన్సీ కౌంటర్ తగిలించి, ప్రతి రేంజ్‌లోనూ డయల్ పై చివర, కింది చివర రీడింగులు కాగితం మీద రాసుకోండి. లోపం ఎక్కడుందో ఆ కాగితంలోనే తెలిసిపోతుంది.

ఒక్క రేంజే తప్పితే ఆ రేంజ్ టైమింగ్ కెపాసిటర్‌ని అనుమానించాలి. అన్ని రేంజ్‌లూ ఒకే శాతం తప్పితే కెపాసిటర్ల జోలికి పోవద్దు, వాటిని ఛార్జ్ చేసే కరెంట్‌ని నిర్ణయించే ప్రీసెట్ కదిలి ఉంటుంది. పై చివరా కింది చివరా వేర్వేరు ప్రీసెట్లు ఉన్న మోడల్‌లో ఒకటి తిప్పితే రెండోది కాస్త కదులుతుంది. మార్చి మార్చి రెండు మూడుసార్లు సరిచేయాలి. అన్నిటికన్నా పై రేంజ్‌లో మాత్రమే తక్కువ వస్తుంటే స్ట్రే కెపాసిటెన్స్ (తీగలు, బోర్డు వల్ల అదనంగా చేరే కెపాసిటెన్స్), కంపారేటర్ (వోల్టేజ్ హద్దు దాటిందో లేదో చూసే సర్క్యూట్) ఆలస్యం కారణం కావచ్చు. అక్కడి ట్రిమ్మర్‌ని (తిప్పి సరిచేసే చిన్న కెపాసిటర్‌ని) ప్లాస్టిక్ స్క్రూ డ్రైవర్‌తోనే తిప్పండి. ఇనుప టెస్టర్‌తో తిప్పితే పెట్టినప్పుడు సరిగ్గా ఉంటుంది, చెయ్యి తీయగానే జారిపోతుంది.

ఎక్స్‌ఆర్2206 అనే ఫంక్షన్ జనరేటర్ ఐసీతో సొంతంగా కట్టుకున్న సర్క్యూట్‌లో ఫ్రీక్వెన్సీ అంటే ఆర్‌సీ (రెసిస్టెన్స్, కెపాసిటెన్స్) లబ్ధానికి విలోమం. 10 కిలో ఓమ్‌లు, 0.01 మైక్రోఫారడ్ వేస్తే 10 కిలోహెర్ట్జ్. కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొనుక్కొచ్చి మొదటిసారి కట్టినప్పుడు 103 (అంటే 0.01 మైక్రోఫారడ్) అని రాసున్న డిస్క్ సిరామిక్ కెపాసిటర్ వేశాను. దాని విలువ వేడికి మారిపోతుంది. ఫ్యాన్ వేస్తే ఒక ఫ్రీక్వెన్సీ, ఆపితే ఇంకొకటి! పాలిస్టర్ కెపాసిటర్ వేశాక ఆ గొడవ చాలావరకు పోయింది.

ఏడీ9833 లాంటి డీడీఎస్ (క్లాక్ ఆధారంగా అంకెలతో వేవ్ తయారుచేసే) మాడ్యూల్‌లో తిప్పడానికి ప్రీసెట్ ఉండదు, కోడ్‌లోనే సరిచేయాలి. 1 మెగాహెర్ట్జ్ అడిగితే కౌంటర్ 10,00,040 చూపిస్తోందా? క్లాక్ 40 పీపీఎం (పది లక్షలకు 40 వంతులు) ఎక్కువ నడుస్తోంది. కోడ్‌లో క్లాక్ విలువ 2,50,00,000 బదులు 2,50,01,000 రాయండి.

సైన్ వేవ్ సైన్‌లా లేదు

మామూలు అనలాగ్ ఫంక్షన్ జనరేటర్‌లో నేరుగా సైన్ పుట్టదు. పుట్టేది ట్రయాంగిల్. దాని కొనలను డయోడ్లో ట్రాన్సిస్టర్లో చెక్కి గుండ్రం చేస్తాయి. కాబట్టి ముందు ట్రయాంగిల్‌కి మార్చి చూడండి. అది ఒకవైపు ఒరిగి ఉంటే ప్యానెల్ మీది సిమెట్రీ నాబ్‌ని కాల్ (CAL) అని రాసున్న స్థానానికి తేవాలి. పైన మాత్రమే, లేదా కింద మాత్రమే కోసేసినట్టు ఉంటే డీసీ ఆఫ్‌సెట్ (సిగ్నల్ మొత్తాన్ని పైకో కిందికో జరిపే వోల్టేజ్) ఎక్కువైంది.

ట్రయాంగిల్ బాగుండి సైన్ కొనలు మొనదేలి ఉంటే చెక్కుడు చాలలేదు, చదునుగా ఉంటే ఎక్కువైంది. ఎక్స్‌ఆర్2206లో 13, 14 పిన్‌ల మధ్య రెసిస్టెన్స్ తగ్గిస్తే మొన గుండ్రమవుతుంది, పెంచితే ట్రయాంగిల్ వైపు పోతుంది. సిమెట్రీని సరిచేసే 15, 16 పిన్‌ల ప్రీసెట్‌ని మధ్యలో ఉంచి ముందు దీన్ని సరిచేయాలి. ఆ తర్వాతే రెండోదాన్ని ముట్టుకోవాలి. డేటాషీట్ ప్రకారం డిస్టార్షన్ సుమారు 2.5 శాతం నుంచి 0.5 శాతానికి దిగుతుంది.

కంటితో ఇంత చిన్న తేడా పట్టుకోలేం. డీఎస్ఓలో (డిజిటల్ ఆసిలోస్కోప్‌లో) సిగ్నల్‌లో ఏయే ఫ్రీక్వెన్సీలున్నాయో గీతలుగా చూపే ఎఫ్ఎఫ్‌టీ పెట్టి 1 కిలోహెర్ట్జ్ ఇవ్వండి. 2 కిలోహెర్ట్జ్ దగ్గర గీత లేచి ఉంటే సిమెట్రీ, 3 దగ్గర లేచి ఉంటే షేప్ సరిచేయాలి.

స్క్వేర్ అసలు రావడం లేదు

ఎక్స్‌ఆర్2206లో స్క్వేర్ వచ్చే 11వ పిన్ ఓపెన్ కలెక్టర్, తనంతట తాను వోల్టేజ్‌ని పైకి లేపలేదు. సప్లై నుంచి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే వస్తుంది. వచ్చి మూలలు గుండ్రంగా ఉంటే ముందు ప్రోబ్ కాంపెన్సేషన్ (ప్రోబ్ మీది చిన్న స్క్రూతో చేసే సర్దుబాటు) చూసుకోండి.

మూత బిగించే ముందు తిప్పిన ప్రతి ప్రీసెట్ మీదా ఒక చుక్క నెయిల్ పాలిష్ వేసి, రీడింగుల కాగితం మీద తేదీ రాసి పెట్టె అడుగున అంటించండి. ఆడిట్‌కి సర్టిఫికెట్ కావాలంటే ఈ కాగితం చెల్లదు, ఎన్‌ఏబీఎల్ (పరీక్ష, క్యాలిబ్రేషన్ ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపాల్సిందే.