శ్లాబ్ లేటైనా ముగింపు తేదీ కదలడం లేదా? లింకులు చూడండి

భవన నిర్మాణ షెడ్యూల్లో బార్లన్నీ మెట్లు మెట్లుగా చక్కగా కనిపించినంత మాత్రాన లింకులు (ఏ పని తర్వాత ఏ పనో చెప్పే బంధాలు) సరిగ్గా ఉన్నట్టు కాదు. ముందు ఫైల్‌కు ఒక కాపీ తీసి, రెండో శ్లాబ్ వ్యవధికి 100 రోజులు కలిపి మళ్లీ లెక్క వేయించండి. శ్లాబ్ మీద ఆధారపడిన పనులతో పాటు ముగింపు తేదీ కూడా దాదాపు అంత మేరా జరగాలి.

సమస్య 1: తేదీ కదల్లేదు, లేదా ఫ్లోట్ (ముగింపు తేదీ జరగకుండా పని ఆలస్యం కాగల రోజులు) వందల రోజులు చూపిస్తోంది

ఎక్కడో గొలుసు తెగింది. ప్రైమవేరా అనే షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎఫ్9 నొక్కి షెడ్యూల్ చేశాక లాగ్ (Log) అనే నివేదిక తెరిస్తే, ముందు పని గానీ తర్వాతి పని గానీ లేని యాక్టివిటీలు కనిపిస్తాయి. మొదటి పనికి ముందు, చివరి పనికి తర్వాత తప్ప ఇంకెక్కడా ఖాళీ ఉండకూడదు.

ఆ నివేదికకు దొరకని తప్పు ఇంకొకటుంది. నా లెక్కలో అన్నిటికంటే ప్రమాదం అదే. ఇటుక పని 20 రోజులు, ప్లాస్టరింగ్ 15 రోజులు. రెంటికీ మధ్య ఉన్నది 10 రోజుల లాగ్‌తో (Lag, అంటే ఎడం) స్టార్ట్ టు స్టార్ట్ లింకు ఒక్కటే, అంటే ఇటుక పని మొదలైన 10 రోజులకు ప్లాస్టరింగ్ మొదలవ్వొచ్చు. ఇటుక పని 40 రోజులకు సాగినా ప్లాస్టరింగ్ 25వ రోజుకే అయిపోయినట్టు చూపిస్తుంది. గోడ లేవకుండా ప్లాస్టరింగ్ ఎలా అవుతుంది? 5 రోజుల లాగ్‌తో ఫినిష్ టు ఫినిష్ (ఇటుక పని ముగిసిన 5 రోజులకు గానీ ప్లాస్టరింగ్ ముగియదు) కూడా కలిపితే 45వ రోజుకు జరుగుతుంది. అంతస్తులవారీగా విడగొట్టి ఫినిష్ టు స్టార్ట్ (ఒకటి ముగిశాకే మరొకటి మొదలు) ఇస్తే ఇంకా మంచిది.

సమస్య 2: ప్రతి శ్లాబ్‌కూ ఒకటి రెండు రోజులు పోతున్నాయి

కారణం సాధారణంగా క్యాలెండర్. మామూలు సిమెంట్ వాడి, క్యూరింగ్ సరిగ్గా చేస్తే, 4.5 మీటర్ల లోపు స్పాన్ (గోడలు లేదా బీముల మధ్య దూరం) ఉన్న శ్లాబ్ కింద ప్రాప్స్ (ఆసరా కర్రలు) 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలని కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ఆ 14 రోజులనూ ఆదివారం సెలవున్న క్యాలెండర్‌లో లాగ్‌గా పెడితే, శనివారం పోసిన శ్లాబ్‌కు డీషట్టరింగ్ (ఆసరాలు, అచ్చులు తీసే పని) సోమవారం బదులు బుధవారం మొదలవుతుంది. కాంక్రీటుకు ఆదివారం సెలవు లేదు కదా! లాగ్ తీసేసి, ఆ గడువును ఏడు రోజుల క్యాలెండర్‌తో విడి యాక్టివిటీగా పెట్టండి. అప్పుడది బార్‌గా అందరికీ కనిపిస్తుంది కూడా.

సమస్య 3: అప్‌డేట్ చేయగానే తేదీలు ఒక్కసారిగా ఎగిరాయి

కరెంటు పైపులకు గోడ కొట్టడం పూర్తి కాకముందే రెండు గదుల్లో ప్లాస్టరింగ్ మొదలుపెట్టేశారు. లింకు మాత్రం ఫినిష్ టు స్టార్ట్. రిటెయిన్డ్ లాజిక్ (లింకును అలాగే పాటించే సెట్టింగు)లో మిగిలిన ప్లాస్టరింగ్ అంతా పైపుల పని ముగిసేదాకా ఆగుతుంది. చాలామంది సెట్టింగును ప్రోగ్రెస్ ఓవర్‌రైడ్‌కు మార్చి చేతులు దులుపుకుంటారు. అప్పుడు ఆ లింకునే లెక్కలోకి తీసుకోదు, పైపులు వేయని గదులకూ ప్లాస్టరింగ్ తేదీలు వచ్చేస్తాయి. అలా చేయకండి. మేస్త్రిని అడిగి, ఏ గది తర్వాత ఏ గదో తెలుసుకుని లింకులు మళ్లీ ఇవ్వండి.

సమస్య 4: ఫ్లోట్ మైనస్‌లోకి వెళ్లింది

పని మధ్యలో ఎవరో తేదీ బిగించి ఉంటారు. మాండేటరీ ఫినిష్‌లు (ఈ తేదీకే ముగియాలని బిగించిన షరతులు) తీసేయండి. ఒప్పందం గడువును చివరి మైలురాయి మీద మాత్రమే, ‘ఫినిష్ ఆన్ ఆర్ బిఫోర్’ (ఆ తేదీకి గానీ, అంతకు ముందు గానీ ముగియాలి)గా ఉంచండి. అప్పటికీ మైనసే వస్తే అది నిజమైన ఆలస్యం. దాన్ని దాచకుండా క్లయింటుకు ఇప్పుడే చెప్పాలి.