రాయలసీమ ఇంటికి ఖరీదైన ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయర్‌ను ఎంచుకోవడం ఎలా

లక్షలు వెచ్చించి ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయర్ కొనదలచిన వారిలో చాలామంది మొదట బ్రాండ్ల పేర్లు, ఆ తర్వాత సమీక్షలు, ఆపైన ధరలు చూసుకుంటూ పోయి, స్పీకర్ల సంగతి చిట్టచివర ఆలోచిస్తారు. ఈ వరుసను తిరగెయ్యాలన్నది నా అభిప్రాయం. పాట మూలాన్ని, వాల్యూమ్‌ను చూసుకునే ప్రీ యాంప్లిఫయర్, స్పీకర్లకు శక్తినిచ్చే పవర్ యాంప్లిఫయర్ రెండూ ఒకే పెట్టెలో ఇమిడిన ఈ యంత్రం ఉన్నదే స్పీకర్లను నడపడానికి కనుక, ముందు స్పీకర్లు, తర్వాత అవి ఉండే గది, ఆ గదికి వచ్చే కరెంటు తేలాకనే ఏ యాంప్లిఫయర్ అన్న ప్రశ్న వేసుకోవాలి. అనంతపురం, కర్నూలు, కడప ఇళ్లలో ఎండాకాలాన్ని కూడా ఈ లెక్కలో కలుపుకోక తప్పదు.

ఎన్ని వాట్లు కావాలో కాగితం మీద తేల్చుకోవచ్చు. మీ స్పీకర్ సెన్సిటివిటీ 87 డెసిబెళ్లు అనుకుందాం. అంటే ఒక వాటుకు ఒక మీటరు దూరంలో వినిపించే శబ్దం అంత. మీరు కూర్చునే చోటు పదడుగుల దూరంలో ఉంటే మామూలు గదిలో సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతాయి, రెండు స్పీకర్లు కలిసి మోగినందుకు 3 పెరుగుతాయి; అంటే ఒక్కో స్పీకర్‌కు ఒక్కో వాటు ఇచ్చినప్పుడు మీ చెవికి చేరేది 84. నాదస్వరానికి తోడుగా డోలు ఒక్కసారిగా ఎగసినప్పుడు 102 డెసిబెళ్లు అందాలంటే మరో 18 కావాలి, దానికి దాదాపు 64 వాట్లు సరిపోతాయి. వాట్లు రెట్టింపు చేస్తే వచ్చే లాభం 3 డెసిబెళ్లే కనుక, 100 వాట్ల యంత్రానికీ 120 వాట్ల యంత్రానికీ ఉన్న తేడా ఒక డెసిబెల్ కూడా కాదు. ఆ ఇరవై వాట్ల కోసం అదనంగా డబ్బు పెట్టడం వృథా.

వాట్ల సంఖ్య కన్నా స్పీకర్ ఇంపీడెన్స్ (కరెంటుకు స్పీకర్ చూపే అడ్డు, ఓంలలో కొలుస్తారు) పడిపోయినప్పుడు యంత్రం ఎలా నిలబడుతుందన్నది ముఖ్యం. 8 ఓంలని రాసి ఉన్న స్పీకర్ కూడా కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర 4 ఓంలకో, అంతకన్నా కిందికో దిగుతుంది. అక్కడ యాంప్లిఫయర్ రెట్టింపు కరెంటు ఇవ్వగలగాలి. అందుకే స్పెసిఫికేషన్లలో 8 ఓంల అంకె పక్కనే 4 ఓంల అంకెనూ చదవాలి. లక్స్‌మన్ ఎల్-550ఏఎక్స్ మార్క్ 2 చూపే అంకెలు 20, 40 వాట్లు. మరాంజ్ పీఎం-10 చూపేవి 200, 400 వాట్లు. శక్తిలో ఒకదానికొకటి పదింతల దూరంలో ఉన్నా, రెండూ 4 ఓంల దగ్గర సరిగ్గా రెట్టింపు అవుతున్నాయి. 92, 93 డెసిబెళ్ల సెన్సిటివిటీ ఉన్న స్పీకర్లకు ఆ 20 వాట్ల యంత్రం హాయిగా సరిపోతుంది; 84 డెసిబెళ్ల చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లకు చాలదు.

అయితే ఆ లక్స్‌మన్ పూర్తి క్లాస్ ఏ పద్ధతిలో పనిచేస్తుంది. క్లాస్ ఏ అంటే పాట ఉన్నా లేకపోయినా ట్రాన్సిస్టర్లలో కరెంటు ఎప్పుడూ పూర్తిగా పారుతూనే ఉంటుంది. శబ్దం రాకముందే వంద వాట్లకు పైగా వేడి గదిలోకి వచ్చి చేరుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పగటి వేడి 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో, మిద్దె కింద నడి గదిలో దీన్ని పెట్టుకుంటే ఏసీ బిల్లు ఒక ఎత్తు, లోపల విద్యుత్తును నిల్వచేసే కెపాసిటర్ల ఆయుష్షు ఒక ఎత్తు. వేడి పది డిగ్రీలు పెరిగితే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో పాత సూత్రం. ఏడాదిలో నాలుగు నెలలు ఏసీ వేసుకునే గది లేనివారు క్లాస్ ఏ జోలికి పోకుండా, పాట బిగ్గరైనప్పుడే ఎక్కువ కరెంటు తీసుకునే క్లాస్ ఏబీ గానీ, ట్రాన్సిస్టర్లను వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ చల్లగా పనిచేసే క్లాస్ డీ గానీ తీసుకోవడం మేలని నేను నిస్సంకోచంగా చెబుతాను. క్లాస్ డీ అనగానే గరగరలాడే శబ్దం అనుకునే రోజులు పోయాయి. ప్యూరిఫై సంస్థ రూపొందించిన క్లాస్ డీ సర్క్యూట్లతో వచ్చిన నాడ్ ఎం33 వంటివి వింటే ఆ అనుమానం తీరుతుంది. ఏది కొన్నా గోడ అల్మారాలో అద్దం తలుపు వెనక బిగించకూడదు. పైన కనీసం అరడుగు ఖాళీ ఉండాలి, వేడి పోయే చిల్లుల మీద దుమ్ము పేరకుండా నెలకోసారి పొడి బ్రష్‌తో దులపాలి.

కరెంటు విషయంలో జనం భయపడేది ఒకటి, భయపడాల్సింది మరొకటి. వోల్టేజీ 230 నుంచి 200కు పడితే మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్లిఫయర్‌లో గరిష్ఠ శక్తి సుమారు పాతిక శాతం తగ్గుతుంది, అంటే 1.2 డెసిబెళ్లు, చెవి దాన్ని పట్టుకోవడం కష్టం. ప్రమాదం పైకి పోయినప్పుడే. వీధిలో న్యూట్రల్ తెగితే సింగిల్ ఫేజ్ ఇంటికి 400 వోల్టుల దాకా రావచ్చు, క్షణంలో అంతా అయిపోతుంది. అందుకే స్టెబిలైజర్ ఉన్నా లేకపోయినా, వోల్టేజీ ఎక్కువైతే లైను కట్ చేసే పరికరం తప్పనిసరి. స్టెబిలైజర్ అవసరమైతే టకటకమని రిలేలు మారే రకం కాకుండా మోటారుతో వోల్టేజీని మెల్లగా సరిచేసే సర్వో రకం తీసుకోవాలి. ఇన్వర్టర్ మీద వినాలంటే అది సైన్ వేవ్‌దై ఉండాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ట్రాన్స్‌ఫార్మర్ గుంయ్‌మని రొద పెడుతుంది. ఎర్తింగ్ సంగతి మన నేలలో ప్రత్యేకంగా చూడాలి. రాతి నేల ఎండిపోతే ఎర్త్ గుంత పనిచెయ్యడం మానేస్తుంది, అప్పుడు స్పీకర్లలో వచ్చే హమ్‌కు, అంటే సన్నని గుంయ్ మోతకు, యాంప్లిఫయర్‌ను తప్పుబట్టి ప్రయోజనం లేదు. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య చూసినప్పుడు రెండు మూడు వోల్టులు దాటితే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, బొగ్గు, ఉప్పు వేయించి, వేసవిలో ఆ గుంతలో నీళ్లు పోస్తూ ఉండాలి.

బేతంచెర్ల బండలు గానీ, కడప నల్లరాయి గానీ పరచిన గచ్చు, సున్నం వేసిన గోడలు ఉన్న గదిలో పై స్వరాలు కొట్టుకొచ్చి గొంతు పదునెక్కుతుంది. స్పీకర్లకూ మీకూ మధ్య మందపాటి జంపఖానా పరచడం, కిటికీలకు బరువైన తెరలు కట్టడం ముందుగా చెయ్యవలసిన పనులు. ఆ తర్వాత కూడా పదును మిగిలితే బేస్, ట్రెబుల్‌లను పెంచి తగ్గించే టోన్ కంట్రోళ్లు అక్కరకొస్తాయి. యమహా, లక్స్‌మన్, అక్యూఫేజ్ యంత్రాల్లో అవి ఉంటాయి. నైమ్ సూపర్‌నైట్ 3లో, హేగెల్ యంత్రాల్లో ఉండవు. టోన్ కంట్రోల్ ఉండటం నామోషీ అనుకునేవారి మాట ఇలాంటి గదుల్లో పట్టించుకోనక్కర్లేదు.

పాత తెలుగు సినిమా పాటలు రికార్డుల మీద వినేవారికి మరో సూచన. ఆ పాటల్లో అధికభాగం మోనో, అంటే రెండు స్పీకర్లకూ ఒకే శబ్దం ఇచ్చే రికార్డింగులు. స్టీరియో కార్ట్‌రిడ్జ్‌తో (రికార్డు మీద సూదిని పట్టుకునే భాగంతో) మోనో రికార్డు తిప్పినప్పుడు, అక్యూఫేజ్ యంత్రాల మీద ఉండే మోనో బటన్ లాంటిది నొక్కితే గీతల చప్పుడు స్పష్టంగా తగ్గుతుంది. రికార్డ్ ప్లేయర్‌ను కలిపే ఫోనో ఇన్‌పుట్ మీ కార్ట్‌రిడ్జ్ రకానికి, అంటే ఎంఎం (మూవింగ్ మాగ్నెట్) రకానికా ఎంసీ (మూవింగ్ కాయిల్) రకానికా, సరిపోతుందో లేదో చూసుకోవాలి. లోపల డాక్ (డిజిటల్ పాటను అనలాగ్ సిగ్నల్‌గా మార్చే భాగం) ఉందా లేదా అన్నదానికి ఎక్కువ విలువ ఇవ్వనక్కర్లేదు. డిజిటల్ భాగం త్వరగా పాతబడుతుంది, బయట విడిగా పెట్టుకోవడమే మంచిది.

ఈ దశకు వచ్చేసరికి జాబితాలో రెండు మూడు పేర్లే మిగులుతాయి. అనంతపురం వారు బెంగళూరుకో, కర్నూలు వారు హైదరాబాదుకో, కడప వారు చెన్నైకో వెళ్లి వాటిని వినవచ్చు. మీ స్పీకర్ మోడల్‌తోనే వినిపించమని ముందే ఫోన్ చేసి అడగాలి. రెండు యంత్రాలను పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానం చెయ్యకపోతే ఆ వినికిడికి అర్థం లేదు, ఎందుకంటే కొంచెం బిగ్గరగా ఉన్నదే బాగున్నట్టు చెవికి తోస్తుంది. ఒక కిలోహెర్ట్జ్ టోన్ పెట్టి, మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద ఉంచి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మొదటి యంత్రం 2.00 వోల్టులు చూపేలా వాల్యూమ్ తిప్పాలి, రెండోది 1.98కీ 2.02కీ మధ్య ఉంటే చాలు. మీటరు మొనలు ఒకదానికొకటి తగిలితే అవుట్‌పుట్ షార్ట్ అవుతుంది కనుక ఆ పని నిదానంగా చెయ్యాలి. ఆ తర్వాత మీకు కంఠతా వచ్చిన ఒక గొంతు, ఒక మృదంగం తని ఆవర్తనం వినండి. ఇలా విన్నప్పుడు తేడా మీరనుకున్నదానికన్నా చాలా తక్కువగా ఉండే అవకాశమే ఎక్కువ. తేడా తెలియకపోతే సర్వీసు దగ్గరగా దొరికేదాన్ని తీసుకోండి.

జపాన్ నుంచి చవగ్గా వచ్చే పాత యంత్రాల విషయంలో వెనక పలకను తప్పక చదవాలి. 100 వోల్టులని ఉంటే దానికి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, వారంటీ సాధారణంగా ఉండదు. ఇరవై కిలోలు దాటే పెట్టెను లారీ ట్రాన్స్‌పోర్టులో తెప్పిస్తే రెండు అట్టపెట్టెల ప్యాకింగ్, ఇన్సూరెన్స్ అడగాలి. వీలైతే సొంత కారులోనే తెచ్చుకోవాలి. ఇంటికి వచ్చిన మొదటి వారంలో, రాత్రి వీధి సద్దుమణిగాక వాల్యూమ్ బాగా తగ్గించి, గొంతు రెండు స్పీకర్ల సరిగ్గా నడుమ నిలబడుతోందా లేదా చూడండి. పాత పద్ధతి వాల్యూమ్ పాట్ (తిప్పే రెసిస్టర్) ఉన్న యంత్రాల్లో ఆ స్థాయిలో గొంతు ఒక పక్కకు జరిగే లోపం కొన్నిసార్లు ఉంటుంది. డీలరు తిరిగి తీసుకునే గడువు ముగిసేలోపే ఆ సంగతి తేల్చుకోవాలి.