టార్చ్ లైట్ బాడీ ఏ మెటల్‌ది తీసుకోవాలి, వేడి బయటికి పోతోందో లేదో ఎలా చూసుకోవాలి

మిర్చి కళ్లాల సీజన్‌లో మా నాన్న రాత్రిళ్లు కాపలా పడుకోడానికి పోతాడు, పోయినేడు ఆయనకని ఒక చార్జింగ్ టార్చ్ కొనిచ్చాను, వెండి రంగులో మెరుస్తా అచ్చం మెటల్ లాగే ఉంది. నెల తిరక్కముందే వెలుతురు నీలంగా మారి సగానికి పడిపోయింది. విప్పి చూస్తే బాడీ మొత్తం ప్లాస్టిక్, పైన మెరుపు పూత, ఎల్ఈడీ వెనక గోరంత అల్యూమినియం రేకు, అదీ దేనికీ ఆనుకోకుండా ఉంది. ఎల్ఈడీ మీదుండే పసుపు పూత మాడి గోధుమ రంగుకి వచ్చింది. "ఎంతసేపు వేసినా చల్లగానే ఉంటుందిరా" అని నాన్న మెచ్చుకునేవాడు, అసలు తేడా అక్కడే ఉందని నాకప్పుడు తెలీదు.

ఎల్ఈడీకి ఇచ్చిన కరెంటులో సగానికి పైనే వేడి కింద పోద్ది. ఆ వేడి ఎల్ఈడీ కింద ప్లేట్‌లోకి, అక్కణ్ణించి బాడీలోకి, బాడీ నుంచి గాల్లోకి, మన చేతిలోకి రావాలి, దార్లో ఎక్కడ ఆగినా కాలేది ఎల్ఈడీయే. అందుకని కొత్తది తేగానే ఫుల్ చార్జింగ్ పెట్టి, హైలో వేసి, బొటనవేలు టార్చ్ తల (ఎల్ఈడీ ఉండే ముందు భాగం) పక్కన ఆనించి ఉంచండి. ఒకటి రెండు నిమిషాల్లో వెచ్చగా తగలాలి. వెలుగు గట్టిగా ఉండి బాడీ మాత్రం చల్లగా ఉందంటే వేడి లోపలే ఇరుక్కుందని. చిన్న పెన్ టార్చ్‌లకి ఈ టెస్ట్ పనికిరాదు, వాటిల్లో పుట్టే వేడే తక్కువ.

ఇక మెటల్ సంగతి. స్టీల్ గిన్నెల అడుగున రాగి ఎందుకు వేస్తారో ఇంట్లో అందరికీ తెలిసిందే, ఒట్టి స్టీల్ అయితే మంట తగిలిన చోటే పాయసం మాడుద్ది, రాగి ఆ వేడిని అడుగంతా పరుస్తుంది. టార్చ్‌లోనూ అంతే. వేడిని పాకించే గుణం వాట్ పర్ మీటర్ కెల్విన్ లెక్కలో రాగికి 400 దాకా, టార్చ్ బాడీలకి వాడే 6061 రకం అల్యూమినియంకి 167 దాకా, ఇత్తడికి 110-120, స్టెయిన్‌లెస్ స్టీల్‌కి 16, గ్రేడ్ 5 టైటానియంకి 7, ఏబీఎస్ ప్లాస్టిక్‌కి 0.2 దగ్గర. టైటానియం చూడ్డానికి ఎంత బావున్నా, తుప్పు పట్టకపోయినా, హైలో ఎక్కువసేపు వాడేవాళ్లకి నేనైతే వద్దనే చెప్తాను.

మరి రాగిదే కొనాలా అంటే, అక్కర్లేదు. అదే సైజు అల్యూమినియం కంటే మూడు రెట్లు పైనే బరువు, జేబులో పెట్టుకుంటే లుంగీ జారిపోద్ది. రాగి వేడిని ఎక్కువ పట్టుకుంటుంది కాబట్టి కాలడానికి కాస్త టైమ్ తీసుకుంటుంది, కానీ చివరికి వేడి పోవాల్సింది పైనున్న గాల్లోకే, సైజు ఒకటే అయితే గాలి తగిలే చోటూ ఒకటే కదా. అందుకే మంచి అల్యూమినియం బాడీ, తల దగ్గర గాలి తగిలే చోటు పెరిగేలా లోతైన గాడులు ఉన్నది చాలు. ఆ గాడుల్లో బురద ఎండిపోతే పాత టూత్ బ్రష్‌తో రుద్దేయండి. అల్యూమినియం మీద ఉండే అనోడైజింగ్ అనే గట్టి పూత వేడిని ఆపుద్దేమో అని కొంతమందికి డౌటు, అది చాలా పల్చటి పొర, పైగా మెరిసే ఒట్టి లోహం కంటే వేడిని బాగా వదులుద్ది, గీకేయకండి.

షాపులో "మెటల్ బాడీ" అన్నారని నమ్మొద్దు, వెనక మూత విప్పి థ్రెడ్లు చూడండి, ప్లాస్టిక్ అయితే అక్కడ బయటపడుద్ది. అయస్కాంతం అంటుకోకపోతే మెటల్ కాదు అనుకోవద్దు, అల్యూమినియం, రాగి, ఇత్తడి వేటికీ అంటుకోదు.

మన గుంటూరు, బెజవాడ ఎండల లెక్క వేరే. టార్చ్ తల 60 డిగ్రీలు దాటకూడదనుకోండి, చలికాలం రాత్రి 24 ఉంటే మధ్యలో తేడా 36, రోహిణి కార్తెలో పగలు 44 ఉంటే తేడా 16 మాత్రమే. ఆ తేడాని బట్టే వేడి గాల్లోకి పోద్ది కాబట్టి ఎండాకాలం అదే టార్చ్ సగం వేడి కూడా వదల్లేదు. మంచి టార్చ్‌లు నాలుగైదు నిమిషాలకి వెలుగు తగ్గించుకునేది ఇందుకే, రిపేరు అనుకుని షాపుకి తిరగొద్దు. ఎక్కువసేపు కావాలంటే మీడియంలో వాడండి, కంటికి తేడా పెద్దగా తెలీదు. మే నెలలో లిథియం సెల్ ఉన్న టార్చ్‌ని కారు డ్యాష్‌బోర్డ్ మీద మాత్రం వదిలేయొద్దు.

వారంటీ అయిపోయిన పాతది అయితే థర్మల్ పేస్ట్, అంటే ఎల్ఈడీ ప్లేట్ నుంచి బాడీలోకి వేడిని దాటించడానికి మధ్యలో పూసే పేస్ట్, మార్చి చూడొచ్చు. ముందు సెల్ తీసేయండి. తల విప్పి, ఎల్ఈడీ ప్లేట్ స్క్రూలతో బిగించి ఉంటేనే ముందుకెళ్లండి, అతికించి ఉంటే లాగొద్దు, వైర్లు తెగుతాయి. ప్లేట్ కింద ఎండి సున్నంలా అయిపోయిన పాత పేస్ట్‌ని స్పిరిట్‌తో తుడిచి, కొత్త థర్మల్ పేస్ట్ అన్నం మెతుకంత పెట్టి పల్చగా పరవండి, ఎక్కువ పెడితే అదే అడ్డం. ఎల్ఈడీ పైన వేలు తగలనీయొద్దు. స్క్రూలు ఒక్కటే గట్టిగా తిప్పకుండా మార్చి మార్చి బిగించండి, ప్లేట్ సమంగా కూర్చోవాలి. బిగించాక మళ్లీ హైలో వేసి బొటనవేలి టెస్ట్ చేయండి, ముందుకంటే త్వరగా వెచ్చబడితే పేస్ట్ సరిగ్గా పడినట్టు.