ఉప్పు పట్టి బిగిసిన పాత గాలం రీలుకు

అటక మీద నుంచి నాన్న రీలు దించితే హ్యాండిల్ కదలనే లేదు. ఒకప్పుడు ఆయన చెన్నై కాసిమేడు తీరంలో రాళ్ల మీద కూర్చుని వాడిన రీలు, లోపల ఉప్పు గడ్డకట్టి ఉంటుంది. బలంగా తిప్పకండి, లోపలి గేర్ల పళ్లు విరుగుతాయి.

దారం చుట్టిన స్పూల్ తీసేసి, అర బకెట్ గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్ కలిపి రీలును రాత్రంతా నానబెట్టాను. పొద్దున పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లతో కడిగి, ఒక రోజంతా నీడన ఆరబెట్టాక ఇరుసుకు రెండు చుక్కల కుట్టుమిషన్ నూనె వేశాను. వంటనూనె వద్దు, జిగురైపోతుంది. మొదట మొరాయించింది, తర్వాత టిక్ టిక్‌మని తిరిగింది. నాన్న పక్కగదిలోంచి లేచొచ్చారు.

అల్యూమినియం మీద తెల్లటి పొడి రాలుతూ గుంటలు పడి ఉంటే మాత్రం నానబెట్టినా లాభం లేదు. ఆ భాగం మార్చాల్సిందే.