కొలోన్ కెథెడ్రల్‌కి మిట్టమధ్యాహ్నం వెళ్లండి

జర్మనీలో కొలోన్ వెళ్తే, అక్కడి కెథెడ్రల్ (పెద్ద చర్చి) లోపలికి బాగా ఎండ కాసే రోజు మిట్టమధ్యాహ్నం వెళ్లండి. దక్షిణం వైపు జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ రూపొందించిన పెద్ద కిటికీ ఉంది, 2007లో పెట్టారు. దాంట్లో బొమ్మలేమీ ఉండవు. 72 రంగుల్లో 11 వేలకు పైగా చదరపు గాజు పలకలు, అంతే. ఎండ పడగానే ఆ రంగులన్నీ రాతి స్తంభాల మీదికి, నేల మీదికి దిగుతాయి. చెయ్యి చాపితే అరచేతిలో ఎరుపు, పచ్చ, నీలం! నేనైతే అరగంట అక్కడే నిలబడిపోయాను.

సూట్‌కేసులు లోపలికి రానివ్వరు, పక్కనే ఉన్న రైల్వే స్టేషన్ లాకర్లో పెట్టేయండి. దక్షిణ గోపురం ఎక్కాలంటే 533 మెట్లు, లిఫ్టు లేదు, టికెట్ వేరే. ఇరుకుగా, గుండ్రంగా తిరిగే మెట్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే వాళ్లని కిందే, ఆ రంగుల వెలుగులో కూర్చోబెట్టండి.