ల్యాబ్ లెక్కలు – 3వ పాఠం: ఒకే ఆస్పిరిన్, నాలుగు ఈ-ఫ్యాక్టర్లు

ముందు పోయిన పాఠం లెక్కకు జవాబు. ఎసిటిక్ యాసిడ్, ఇథనాల్ కలిపి ఇథైల్ ఎసిటేట్ చేస్తే అటామ్ ఎకానమీ, అంటే సమీకరణంలో పోసిన వాటి బరువులో ఎంత శాతం సరుకుగా మారుతుందో, కట్టమన్నాను. అణుభారాలు ఇవి: ఎసిటిక్ యాసిడ్ 60, ఇథనాల్ 46, కలిపితే 106. తయారయ్యే ఇథైల్ ఎసిటేట్ 88, బయటికి పోయే నీళ్ళు 18. 88ని 106తో భాగిస్తే 83 శాతం. 1991లో రసాయన శాస్త్రవేత్త బారీ ట్రోస్ట్ ప్రతిపాదించిన అటామ్ ఎకానమీ అంటే ఇదే. 100 వచ్చిందంటే మీరు నీళ్ళను కూడా సరుకులో కలిపేసినట్టు, మళ్ళీ చూసుకోండి.

అటామ్ ఎకానమీతో ఒక చిక్కుంది. అది కాగితం మీద సమీకరణాన్ని మాత్రమే చూస్తుంది. ఫ్లాస్కులో నిజంగా ఎంత పోశారు, ఎంత కడిగారు, సింకులోకి ఎంత పోయింది అనేవి దానికి పట్టవు. అవన్నీ అడిగే కొలత ఈ-ఫ్యాక్టర్. రోజర్ షెల్డన్ 1992లో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. సూత్రం ఒక్క ముక్కే: వ్యర్థం బరువును సరుకు బరువుతో భాగించాలి, అంతే. కిలో మందుకు ఎన్ని కిలోల చెత్త అని. షెల్డన్ ఇచ్చిన పట్టిక ప్రకారం పెట్రోలు శుద్ధిలో ఇది 0.1 లోపు, పెద్ద ఎత్తున చేసే రసాయనాల్లో 1 లోపు నుంచి 5 దాకా, ఫైన్ కెమికల్స్‌లో 5 నుంచి 50, మందుల్లో 25 నుంచి 100 పైన. నల్లగా పొగలు వచ్చే రిఫైనరీ కన్నా తెల్లకోటు వేసుకున్న మందుల పరిశ్రమే కిలోకు ఎక్కువ చెత్త పోస్తోందంటే మొదట ఎవరూ నమ్మరు. కారణం చాలావరకు సాల్వెంట్లు (రసాయనాలను కరిగించడానికి పోసే ద్రవాలు), ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి వచ్చే స్టెప్పులు.

ఇప్పుడు చేతికి పని. ఎస్కేయూలోనో, జేఎన్‌టీయూలోనో, ఊళ్ళో డిగ్రీ కాలేజీలోనో బీఎస్సీ, బీఫార్మసీ చేసిన ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు ఆస్పిరిన్ తయారు చేసే ఉంటారు. పాత రికార్డు బుక్కు తీయండి. నేను మామూలు కొలతలు తీసుకుంటాను: సాలిసిలిక్ యాసిడ్ 2 గ్రాములు, ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ 5 మిల్లీలీటర్లు, సల్ఫ్యూరిక్ యాసిడ్ ఐదు చుక్కలు. చివర్లో ఎండబెట్టాక క్రూడ్ (ఇంకా శుద్ధి చేయని) ఆస్పిరిన్ 2.1 గ్రాములు వచ్చిందనుకుందాం. మొత్తం రావలసింది 2.61, అంటే దిగుబడి 80 శాతం, బాగానే వచ్చినట్టు లెక్క.

మొదటి సంఖ్య కాగితం మీదిది. సాలిసిలిక్ యాసిడ్ 138, అన్‌హైడ్రైడ్ 102, ఆస్పిరిన్ 180, పక్కన పోయే ఎసిటిక్ యాసిడ్ 60. వ్యర్థం 60, సరుకు 180, ఈ-ఫ్యాక్టర్ 0.33. రిఫైనరీ అంత కాకపోయినా ముచ్చటగా ఉంది.

రెండోది ఫ్లాస్కులోది. మిల్లీలీటర్లను గ్రాములు చేయడం మరిచిపోవద్దు, సగం తప్పులు ఇక్కడే దొర్లుతాయి. అన్‌హైడ్రైడ్ సాంద్రత 1.08, కాబట్టి 5.4 గ్రాములు. ఐదు చుక్కల యాసిడ్ దాదాపు 0.5 గ్రాము. అన్నీ కలిపి 7.9. అందులో 2.1 సరుకు, 5.8 వ్యర్థం. 5.8ని 2.1తో భాగిస్తే 2.8. ఒక్కసారిగా ఎనిమిది రెట్లకు పైగా పెరిగింది, ఎందుకో చూడండి: 2 గ్రాముల సాలిసిలిక్ యాసిడ్‌కు నిజంగా కావలసిన అన్‌హైడ్రైడ్ 1.5 గ్రాములే, మనం పోసింది 5.4. మిగిలినది రియాక్షన్ త్వరగా, పూర్తిగా జరగడానికి, పైగా అదే సాల్వెంట్‌గా కూడా పనిచేస్తుంది. అటామ్ ఎకానమీలో ఈ అదనం ఎక్కడా కనిపించదు.

మూడో సంఖ్య దగ్గర నీళ్ళు వస్తాయి. మిగిలిన అన్‌హైడ్రైడ్‌ను విరగ్గొట్టడానికి 20 మిల్లీలీటర్లు, బుక్నర్ ఫన్నెల్ మీద కడగడానికి 30. ఈ 50 గ్రాములు కలిపితే వ్యర్థం 55.8 అవుతుంది, ఈ-ఫ్యాక్టర్ 26.6. క్రూడ్‌ను ఇథనాల్‌లో రీక్రిస్టలైజ్ చేస్తే, అంటే కరిగించి మళ్ళీ స్ఫటికాలుగా తీసి శుద్ధి చేస్తే, ఇంకా పైకి పోతుంది, ఎందుకంటే భిన్నంలో పైన ఇథనాల్ కలుస్తుంది, కింద సరుకు తగ్గుతుంది.

షెల్డన్ అసలు లెక్కలో నీళ్ళను వదిలేశాడు. ఆయన కారణం ఆయనకుంది: నీళ్ళు కలిపితే సంఖ్య ఉబ్బిపోయి రెండు పద్ధతులను పోల్చడం కుదరదు. తర్వాత మందుల కంపెనీలు వాడుకలోకి తెచ్చిన ప్రాసెస్ మాస్ ఇంటెన్సిటీ, పొట్టిగా పీఎంఐ, లోపలికి పోయిన మొత్తం బరువును సరుకుతో భాగిస్తుంది, మామూలుగా నీళ్ళతో సహా. మన లెక్కలో 57.9ని 2.1తో భాగిస్తే 27.6. ఈ-ఫ్యాక్టర్‌కు ఒకటి కలిపితే పీఎంఐ, గుర్తు పెట్టుకోవడం సులువు, కాకపోతే రెండింటిలోనూ నీళ్ళను ఒకేలా చూడాలి. ఏ నివేదికలోనైనా ఈ-ఫ్యాక్టర్ కనిపిస్తే మొదటి ప్రశ్న "నీళ్ళు కలిపారా?" అనే వేయండి. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే, నీళ్ళకు పీఏబీఆర్ రిజర్వాయర్ వైపు చూసే మన అనంతపురంలో ఉండి నీళ్ళను వ్యర్థం కాదనడం నాకైతే మింగుడుపడదు.

నాలుగో సంఖ్య కోసం బకెట్ కావాలి, నిజంగానే. ఆస్పిరిన్‌ను ఫిల్టర్ చేసేటప్పుడు చాలా కాలేజీల్లో కుళాయికి తగిలించే వాటర్ ఆస్పిరేటర్‌తో వాక్యూమ్ లాగుతారు. కుళాయి తిప్పి, స్నేహితుడితో కబుర్లలో పడతారు. ఒక నిమిషం పాటు ఆ నీటిని బకెట్‌లో పట్టి కొలవండి. 5 లీటర్లు వచ్చిందనుకుందాం, పది నిమిషాలు నడిపితే 50 లీటర్లు, అంటే 50,000 గ్రాములు. ఇప్పుడు ఈ-ఫ్యాక్టర్ దాదాపు 23,800.

"ఇదేం లెక్క సార్, ఆ నీళ్ళు మందును తాకనే లేదు కదా" అంటారు. నిజమే, అందుకే ఈ అంకెను మిగతా వాటితో కలిపి ఒకే సంఖ్యగా చూపించకూడదు. విడి వరుసలో రాయాలి. కానీ రాయాలి. ఆ ఒక్క వరుస కళ్ళబడితేనే డిపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరు నీళ్ళను తిప్పి తిప్పి వాడే పంపు గురించో, డయాఫ్రమ్ పంపు గురించో అడుగుతారు. కెటలిస్టుగా, అంటే రియాక్షన్‌ను వేగం చేయడానికి, వేసిన సల్ఫ్యూరిక్ యాసిడ్‌కు బదులు వేరేది వెతికితే ఇక్కడ ఆదా అయ్యేది చుక్కలే.

ఫ్యాక్టరీలో ఇదే పాత్ర కూలింగ్ టవర్‌ది. నీళ్ళు తిరుగుతూనే ఉంటాయి కదా, ఖర్చేముంది అనిపిస్తుంది. కిలో నీళ్ళు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి కావాలి, ఒక యూనిట్ అంటే 3,600 కిలోజౌళ్ళు, కాబట్టి టవర్ ద్వారా బయటికి పంపే ప్రతి యూనిట్ వేడికి లీటరున్నర నీళ్ళు గాల్లో కలుస్తాయి. 100 కిలోవాట్ల వేడిని పది గంటలు తీసేస్తే 1,500 లీటర్లు. టవర్‌లో ఉప్పు పేరుకోకుండా వదిలే బ్లోడౌన్ నీళ్ళు దీనికి అదనం. జడ్‌ఎల్‌డీ (జీరో లిక్విడ్ డిశ్చార్జ్, వ్యర్థ నీటిని ఆవిరి చేసి ఉప్పును వేరు చేసే ఏర్పాటు) పెట్టాం, చుక్క నీరు బయటికి పోదు అనేవాళ్ళను కూడా ఆవిరి చేయడానికి ఎంత స్టీమ్ పోతోంది, చివర్లో మిగిలిన ఉప్పు ఎక్కడికి పోతోంది అని అడగొచ్చు.

తిరిగి వాడే సాల్వెంట్ సంగతి త్వరగా చెప్తాను. 100 లీటర్లు పోసి 90 వెనక్కి తెచ్చుకుంటే వ్యర్థంగా 10 లీటర్లే రాయాలి. డిస్టిలేషన్‌కు పోయిన కరెంటు, స్టీమ్ ఈ-ఫ్యాక్టర్‌లోకి రావు, వాటికి వేరే పాఠం ఉంది.

కొత్త టెక్నాలజీ వార్తలు చదివేటప్పుడు ఈ లెక్క ఎలా వాడాలో ఒక ఉదాహరణ. షుగర్ మందు సిటాగ్లిప్టిన్‌కు పాత పద్ధతిలో రోడియం అనే లోహపు కెటలిస్టు, ఎక్కువ ఒత్తిడిలో హైడ్రోజన్ వాడేవారు. మెర్క్, కోడెక్సిస్ కంపెనీలు కలిసి ఒక ఎంజైమ్‌కు వరసగా మార్పులు చేస్తూ పోయి ఆ స్టెప్పునే తీసేశాయి. 2010లో వెలువడిన వివరాల ప్రకారం దిగుబడి 10–13 శాతం మేర పెరిగింది, మొత్తం వ్యర్థం 19 శాతం తగ్గింది, భారలోహం పూర్తిగా పోయింది. మంచి పనే, నాకు ఇష్టమైన ఉదాహరణ కూడా. కానీ 19 శాతం దేంట్లోంచి? మాటవరసకు పాత ఈ-ఫ్యాక్టర్ 50 అనుకుంటే కొత్తది 40.5. ఎంజైమ్ అనగానే పది రెట్లు తగ్గిపోతుందనుకునేవాళ్ళకు ఇది చప్పగా అనిపిస్తుంది. లోహం పోవడం అసలు లాభాల్లో ఒకటి, అయినా బరువు లెక్కలో అది దాదాపు కనిపించదు, ఎందుకంటే ఈ-ఫ్యాక్టర్‌కు కిలో ఉప్పు నీళ్ళూ కిలో డైక్లోరోమీథేనూ (హానికరమైన సాల్వెంట్) ఒకటే. దీన్ని సరిచేసుకునే పద్ధతి 4వ పాఠంలో.

అభ్యాసం రెండు. మొదటిది, మీ కాలేజీలో ఈ వారం చేసిన ఏదైనా ప్రిపరేషన్‌కు పై నాలుగు సంఖ్యలూ కట్టండి, కుళాయి నీళ్ళను కొలిచి రాయాలి, ఊహించి కాదు. రెండోది, డిప్రెషన్ మందు సెర్ట్రలీన్ తయారీని ఫైజర్ మార్చినప్పుడు టన్ను మందుకు సాల్వెంట్ 60,000 గ్యాలన్ల నుంచి 6,000 గ్యాలన్లకు దిగింది, 2002లో అమెరికాలో గ్రీన్ కెమిస్ట్రీ అవార్డు కూడా వచ్చింది. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు. కొత్త పద్ధతిలో ప్రధాన సాల్వెంట్ ఇథనాల్, సాంద్రత 0.79. మొత్తం ఇథనాలే అనుకుని, ఏమీ తిరిగి వాడలేదనుకుని, సాల్వెంట్ ఒక్కదాని వల్లే ఈ-ఫ్యాక్టర్ ఎంతో కట్టండి. తర్వాత 90 శాతం తిరిగి వాడితే ఎంతవుతుందో కూడా రాయండి. జవాబులు వచ్చే పాఠం మొదట్లో ఉంటాయి.